అన్నయ్యగారు పెట్టాల్సిన టీ

ఇంటి యజమాని మెట్లెక్కి పైకొచ్చేసరికి కుట్టుమిషను చప్పుడు ఆగింది.

హెల్మెట్ ఎక్కడ పెట్టాలా అని చూశాడు. గుమ్మం బయట, గాలి కొట్టే మూలలో, గోనెపట్టా కప్పిన సామానేదో ఉంది. దానిమీద పెట్టాడు.

"అక్కడే ఉంచండి అన్నయ్యగారూ. ఎక్కడికీ పోదు," అంది కుట్టుపని చేసుకునే ఆవిడ లోపల్నుంచి.

ఆ వరస ఆవిడ కలిపింది కాదు. ఆయనే కలిపాడు. అద్దెకున్న ఆడవాళ్లంతా ఆయనకి చెల్లెళ్లే. కొళాయి కారుతోందంటే చెల్లెమ్మా. గోడ చెమ్మగిల్లిందంటే చెల్లెమ్మా. ఆ పిలుపు వినపడిందంటే ఇక పని జరగదని అర్థం.

ఇవాళ పని ఆయనది. ప్రతి వాటాలోనూ గ్యాసు గొట్టాలూ, పొయ్యీ, గీజరూ ఏటా మెకానిక్ చేత చూపించాల్సింది ఇంటి యజమానే. చూపించారా అని గ్యాసు ఆఫీసువాళ్లు గట్టిగా అడుగుతున్నారు. మెకానిక్‌ని పిలిస్తే ముసలి గొట్టాలన్నీ మార్చమంటాడు. అంతకంటే 'అన్నీ చూశారు, అంతా బాగుంది' అని అద్దెకున్నవాళ్ల చేత సంతకాలు పెట్టించుకోవడం తేలిక. కింది వాటాలవాళ్లు నోరెత్తకుండా పెట్టేశారు. మిగిలింది ఈవిడే.

"ఇక్కడో సంతకం చెల్లెమ్మా."

"ఎవరు చూశారు అన్నయ్యగారూ?"

"నేను చూళ్లేదూ? పిలిచినప్పుడల్లా వచ్చాను కదా!"

వచ్చిన మాట నిజమే. గ్యాసు వాసన వస్తోందని ఆవిడ మొత్తుకుంటే వచ్చాడు. ఒకసారి గుమ్మంలోనే నిలబడి ముక్కు ఎగబీల్చి, కుళ్లిన ఉల్లిపాయ అన్నాడు. ఇంకోసారి మురుక్కాలవ అన్నాడు. ఆ తర్వాత వంటింటి గోడ పక్కనే పడుకునే వాళ్లత్తగారు కళ్లు తిరిగి పడిపోతే, "ముసలాళ్లన్నాక పడరా!" అన్నాడు. ఇన్నిసార్లు వచ్చాడు గానీ, వంటగట్టు కింద సిలిండరుండే చోటి చెక్కతలుపు తీసి, వంగి లోపలికి చూసిన పాపాన పోలేదు. ఆయనకి నడుం నొప్పి.

"పెట్టను," అంది ఆవిడ.

"ఏమిటి పెట్టవు?"

"సంతకం. మా అత్తయ్య ప్రాణం మీదకొస్తే మీరు ఈ కాయితం చూపించి దులుపుకు పోతారు. నేను పెట్టను."

చెల్లెమ్మా అన్న పిలుపు పోయింది. గొంతు మారింది. "అయితే ఖాళీ చెయ్యి. ఈ వాటాకి నీలాంటివాళ్లు క్యూ కడతారు."

"కట్టనివ్వండి. వాళ్లకీ ముక్కులుంటాయి."

"వాసన లేదంటే వినవే! ఇప్పుడు చెప్పు, వస్తోందా?"

"నన్నడుగుతారేం? ఇల్లు మీది, ముక్కు మీది." కత్తెర బల్లమీద పెట్టి లేచింది. "సరే, ఒక పని చేద్దాం. టీ తాగుతారా?"

ఆయన మెత్తబడ్డాడు. "పెట్టు."

"నేను పెట్టను. మొన్నట్నుంచి ఈ పొయ్యి ముట్టించలేదు. పక్కింటి పొయ్యే మాకు దిక్కు. మీరు పెట్టండి. అన్నయ్యగారి చేతి టీ ఒక్క గుక్క తాగి, ఆ గట్టుమీదే సంతకం పెట్టేస్తాను. ఒట్టు."

"ఓస్, ఇంతేనా!" అంటూ ఆయన వంటింట్లోకి నడిచాడు. పొయ్యిమీద గిన్నె, గిన్నెలో నీళ్లు, పక్కన అగ్గిపెట్టె. అన్నీ అమర్చే ఉన్నాయి.

"కిటికీ మూసేశావేం?"

"వాసన లేని ఇంట్లో కిటికీతో పనేముంది అన్నయ్యగారూ?"

ఆయన అగ్గిపుల్ల తీశాడు. "మీ అత్తగారేరీ?"

"పక్కింట్లో కూర్చోబెట్టొచ్చాను. పెద్దావిడ కదా, చప్పుళ్లకి బెదురుతుంది."

"చప్పుళ్లేమిటి?"

ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మం దాటింది.

"నువ్వెక్కడికి?"

"ఇక్కడే, మెట్లమీదే ఉంటాను. మీరు గీయండి."

కిందినుంచి ఎవరో అడిగారు, ఏమైందని. "ఏం లేదు వదినా! అన్నయ్యగారు మా పొయ్యి వెలిగిస్తున్నారు!" అని ఆవిడ గట్టిగా చెప్పింది. ఒక నవ్వు వినపడింది. ఆ వెంటనే తలుపులు తీసిన చప్పుడు. తర్వాత గబగబా మెట్లు దిగి వీధిలోకి పోతున్న అడుగులు.

ఇంటాయన ఒక్కడే మిగిలాడు.

పుల్లని పెట్టెకి ఆనించాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఎందుకైనా మంచిదని ఒకసారి గాలి పీల్చాడు.

కుళ్లిన ఉల్లిపాయ. ఇంకోసారి పీల్చాడు. కాదు, మురుక్కాలవ. అది ముక్కులోంచి గొంతులోకి దిగింది. కళ్లు మండాయి. తల తిరిగినట్టయింది.

అగ్గిపెట్టె అక్కడే పారేసి గుమ్మం బయటికి పరుగెత్తాడు. "వాసన! గ్యాసు వాసన! ఎవరూ ఏమీ ముట్టించకండి!"

వీధిలో ఉన్నవాళ్లందరికీ వినపడింది.

"మరి అంతా బాగుందని మా చేత రాయించుకున్నారేంటి బాబాయిగారూ?" అని కిందినుంచి ఒకడు అరిచాడు. "ఆ కాయితాలు ఇటు పారెయ్యండి!"

మాట తిప్పుకోవడానికి లేదు. జేబులోని కాయితాలు కింద పడేసి, ఆయన ఫోను తీశాడు. "మెకానిక్కూ, ఉన్నపళంగా రా! గొట్టాలన్నీ మార్చెయ్. అన్ని వాటాల్లోనూ! వాసనేమిటంటావా? నా ముక్కుతో నేనే చూశానయ్యా!"

"నిజంగా వచ్చిందా అన్నయ్యగారూ?" అంది ఆవిడ, బుగ్గన చెయ్యి పెట్టుకుని.

"చంపేదానివి కదమ్మా నన్ను! అంత వాసనలో ఎలా ఉంటున్నారసలు?"

ఇంకొక్క క్షణం అక్కడుంటే ఒట్టన్నట్టు హెల్మెట్ లాక్కున్నాడు. దాంతోపాటు గోనెపట్టా కూడా జారింది. దాని కింద మొన్ననే ఆవిడ ఊడదీసి బయటికి ఈడ్చి పెట్టిన వంటింటి సిలిండరు మూతి బిగించుకుని నిక్షేపంగా కూర్చుని ఉంది.