ఎడమ చెంప

యోసేపు ఎడమ చెంప బూరెలా ఉబ్బింది.

పంటిపోటు. వచ్చేది ఏ ఆదివారమో రావచ్చు కదా! గిద్దలూరు స్టేషను లాంతరు చేతికొచ్చిన రోజే వచ్చి కూర్చుంది.

ఎర్రద్దం, పచ్చద్దం ఉన్న చేతిలాంతరు అది. అడుగున అతుకు ఊడి కిరసనాయిలు కారుతోంది. సాయంత్రం నంద్యాల బండికి పచ్చదీపం చూపించాల్సింది దాంతోనే.

పోర్టరు వెంకటసుబ్బయ్య అది ఇచ్చి పోతూ ఒక మాటన్నాడు.

"బండి టయానికి చుక్క కారకుండా ఇస్తివా, ఇంక స్టేషను దీపాలన్నీ నీకే యోసేపూ. లేదంటే ఎప్పట్లానే గుంతకల్లుకు పోతాయి."

ఊళ్లో రేకుపని చేసుకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

కానీ టంకం పెట్టాలంటే కాక తెలియాలి. కడ్డీ కొసన ఉన్న రాగిముక్కను కుంపట్లో కాల్చి, దాంతో తగరం కరిగించి అతకాలి. ఎక్కువ కాలిందా, తగరం మాడి నల్లబడుతుంది. తక్కువ కాలిందా, సంగటిలా ముద్ద కడుతుంది.

అందుకే యోసేపు కుంపటి గాలికంతకు మార్కాపురం పలకముక్క ఒకటి అడ్డం పెట్టుకున్నాడు. పలక జరిపితే నిప్పు రాజుకుంటుంది, మూస్తే నెమ్మదిస్తుంది. ఎంత జరపాలో చెప్పేది మాత్రం చెంప. కడ్డీని చెంప దగ్గరికి తెచ్చి కాక చూడాలి.

అదీ ఎడమ చెంప దగ్గరికే.

ఆ ఎడమ చెంప ఇవాళ తనంతట తానే కాలిపోతోంది. ఇక కడ్డీ కాక ఏం తెలుస్తుంది? తగరం ఒకసారి మాడింది. మళ్లీ మాడింది.

"ఏంది నాయనా, మాడు వాసనొస్తాంది?"

అరుగు మీద కూర్చున్న ముసలాయన అడిగాడు. బండికి ఇంకా పొద్దుందని అక్కడ చేరిన బాటసారి. తలా చెవులూ చెంపలూ కలిపి తుండుగుడ్డ చుట్టుకున్నాడు.

"నీకూ పంటిపోటేనా తాతా?"

"నాది చలి. అది సరే, ఆ పక్క వాచింది కదా, కుడి చెంపతో చూడగూడదా?"

యోసేపు చెవులు మూసుకున్నంత పని చేశాడు.

"అంత మాట అనొద్దు తాతా. ఇది మాల్యాద్రి మేస్త్రి పెట్టిన పద్ధతి. ఈ పలక కూడా ఆయన కనిపెట్టిందే. మా గురువు ఆదెయ్యకు ఆయన నేర్పినాడు, ఆదెయ్య నాకు నేర్పినాడు. కుడి చెంప అబద్ధం చెప్తాది, ఎడమదే నిజం చెప్తాది. కంభం దాకా ఏ రేకుపనోణ్ణన్నా అడుగు."

తుండుగుడ్డలో ఏదో గురగురమంది. దగ్గో నవ్వో తెలియలేదు.

"ఎందుకట్ల అని ఆ మేస్త్రిని ఎవురూ అడగలేదా?"

"పెద్దోళ్లు చెప్పినాక ఎందుకని అడుగుతారా? ఆయన కడ్డీ ఎత్తితే ఎడమ పక్కకేనంట. ఆదెయ్య కళ్లారా చూసినాడు."

"కళ్లారా చూసినాడు గానీ నోరారా అడగలేదు."

"ఎగతాళి చేయొద్దు తాతా. ఆ మేస్త్రి పుణ్యాన మేం అన్నం తింటున్నాం. కొండలు దాటి ఎటో పోయినాడంట. ఉన్నాడో లేడో. ఒక్కసారి కనబడితే ఆ చేతులు కళ్లకద్దుకోవాలని నా కోరిక."

ముసలాయన తుండుగుడ్డను చెంపల మీదికి ఇంకాస్త లాక్కున్నాడు.

"అట్లయితే ఈ ఒక్కసారికి కుడి చెంపతో చూడు. మాల్యాద్రి ఏమీ అనుకోడు. నాది పూచీ."

"పూచీ పడను నువ్వెవురు?"

"బండి కోసం కూచున్నోణ్ణి. లాంతరు లేకుంటే నా బండి కదలదు, నీకు పనీ రాదు. కానీయ్."

పొద్దు వాలుతోంది. యోసేపు కళ్లు మూసుకున్నాడు. ప్రభువుకు ఒకటి, మాల్యాద్రి మేస్త్రికి ఒకటి క్షమాపణ చెప్పుకొని, కడ్డీని భయం భయంగా కుడి చెంప దగ్గరికి తెచ్చాడు.

కాక తెలిసింది! ఎన్నడూ లేనంత స్పష్టంగా తెలిసింది.

పలక కాస్త మూశాడు. కడ్డీ నెమ్మదించింది. తగరం నెయ్యిలా కరిగి అతుకు చుట్టూ పరుచుకుంది. లాంతరు నిండా కిరసనాయిలు పోసి చూస్తే, చుక్క కారితే ఒట్టు.

యోసేపుకు పంటిపోటు కూడా తీసేసినట్టయింది. "దానమ్మా, తాతకు నీళ్లియ్యి, మొగం కడుక్కుంటాడు!" అని భార్యను కేకేసి, లాంతరు పట్టుకొని స్టేషనుకు పరుగెత్తాడు.

వెంకటసుబ్బయ్య లాంతరు తిప్పి తిప్పి చూశాడు. అడుగున వేలు పెట్టి చూశాడు. వాసన కూడా చూశాడు.

"రేపు వచ్చి మిగతా దీపాలు తీసకపో," అన్నాడు.

బండి వచ్చింది. ముసలాయన ఎక్కాడు.

"తాతా, నీ పూచీ నిలబడింది!" అని అరిచాడు యోసేపు.

ముసలాయన కిటికీలోంచి చెయ్యెత్తాడు. పచ్చదీపం ఊగింది. బండి నల్లమల వైపు సాగిపోయింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, యోసేపు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఎక్కినాడా ఆ తాత?" అంది దానమ్మ. "మొగం కడుక్కోను వేన్నీళ్లు పోసినాను. మరీ కాల్తాన్నాయేమో తాతా అంటే, ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"'ఈ కుడి చెంపకు ఏ కాకా తెలీదు తల్లీ, కుర్రతనంలో కరిగిన తగరం చింది అప్పుడే మొద్దుబారిపోయింది' అని నవ్వినాడు."

ఎడమ చెంప నేమం ఎక్కడ పుట్టిందో యోసేపుకు అప్పుడు తెలిసింది. తాను అతికిన లాంతరే పచ్చదీపం చూపించి మాల్యాద్రి మేస్త్రిని సాగనంపేసిందనీ తెలిసింది.