నాపరాళ్ల మీద గీతలు

రేడియో ఎవరైనా చెవి దగ్గర పెట్టుకుంటారు. ఆ మనిషి రొమ్ము మీద పెట్టుకున్నాడు.

పోనీ పాటలొస్తున్నాయా అంటే అదీ లేదు. స్టేషన్ లేని చోట ముల్లు ఆపి, ఉత్త గరగర వింటున్నాడు. ఆ గరగరలో టిక్కు టిక్కుమని ఇంకేదో చప్పుడు.

"చెడిపోయినట్టుంది పెద్దాయనా. ఇటియ్యి, చూస్తా" అన్నాడు మెకానిక్ రసూల్.

"బాగానే పనిచేస్తందిలేయ్యా" అని నవ్వాడాయన.

పేరు బాలశౌరి అన్నాడు. విరిగిన కుర్చీకాలు అతికించుకుందామని నరసరావుపేటలో ఇమాం సాహెబ్ వర్క్‌షాపుకు వచ్చాడు.

ఇమాం సాహెబ్ మాత్రం వర్క్‌షాపులో లేడు. రోడ్డుకు అవతల, టీకొట్టు పంచన కుర్చీ వేసుకుని తన కొట్టును తనే చూస్తూ కూర్చున్నాడు.

ముప్పై ఏళ్లు మోటార్లు విప్పి బిగించిన మనిషి. మూడు నెలల కిందట కళ్లు తిరిగి పడిపోతే మద్రాసు తీసుకెళ్లారు. గుండె సరిగ్గా కొట్టుకోవడానికి మెడ ఎముక కింద చిన్న మిషను పెట్టి పంపారు. పేస్‌మేకరట. అప్పట్నుంచీ ఈ కుర్చీయే.

రసూల్ ఇదంతా చెప్పగానే, కుర్చీకాలి సంగతి వదిలేసి బాలశౌరి రోడ్డు దాటాడు.

"సాయిబుగారూ, మిషన్లకి ఎంత దూరం ఉండమన్నాడు డాక్టరు?"

"దూరంగా ఉండమన్నాడు."

"అదే, ఎంత దూరం?"

"అడిగితే కసురుకున్నాడు. కొట్టు మూసేసి ఇంట్లో కూర్చోమన్నాడు. అందుకే ఎరువుల లక్ష్మీనరసయ్యకు అమ్మేస్తన్నా. శనివారం కాయితాలు." ఇమాం సాహెబ్ మెడ కింది మిషను మీద చెయ్యేసుకున్నాడు. "ఇట్టా కూర్చోబెట్టడానికేనా ఈ గుండెని బతికించింది?"

బాలశౌరి కుర్చీకాలు అతికించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు బకెట్టు చెవి పట్టుకొచ్చాడు. ఆ మర్నాడు తలుపు బందు తెచ్చాడు. ఒక మనిషి ఇంట్లో ఇన్ని వస్తువులు ఎట్లా విరుగుతాయో రసూల్‌కు అర్థం కాలేదు.

అంతకన్నా వింత ఇంకోటి. రసూల్ వెల్డింగ్ సెట్టు వేయగానే ఆయన తన మణికట్టు తనే పట్టుకుని దగ్గరగా నిలబడేవాడు. చప్పున ఒకడుగు వెనక్కి. కాసేపాగి ఇంకో అడుగు. మిషను ఆగాక రేడియో రొమ్ముకి ఆనించుకుని వినేవాడు. తలూపేవాడు. జేబులోంచి చిన్న ఉలి తీసి, తను నిలబడ్డ చోట నాపరాయి మీద సన్నగా గీత గీసేవాడు.

వెల్డింగ్ సెట్టుకు ఒక గీత. గ్రైండరుకు ఒక గీత. మోటార్లు పరీక్ష చేసే చోట ఇంకోటి.

శుక్రవారం అన్నం క్యారేజీ తెచ్చిన జైనాబ్ బీకి రసూల్ ఈ వింతంతా చెప్పాడు. ఇమాం సాహెబ్ భార్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వింతా లేదు పాడూ లేదు! వాడు లక్ష్మీనరసయ్య మనిషిరా! ఏడ గోడ లేపాలో, ఏడ బస్తాలు పెట్టాలో కొలుచుకుంటన్నాడు!"

రసూల్ నాలుక కరుచుకున్నాడు. ఇంత చిన్న సంగతి తనకు తట్టలేదేమని.

డ్రిల్లు మిషను దగ్గర నిలబడి ఉన్న బాలశౌరి మీదికి ఆమె ఒక్క ఉదుటున వెళ్లింది.

"ఏమయ్యా! రేపటిదాకా ఆగలేకపోయినారా? మా ఆయన ఎదురుగా కూర్చుని చూస్తంటే గీతలు గీస్తన్నావే, నువ్వు కడుపుకు అన్నమే తింటన్నావా?"

"ఇదొక్కటే మిగిలిందమ్మా. ఇది గూడా చూసుకుని పోతా."

"పోతావా, మెడబట్టి గెంటించమంటావా?"

ఆయన చేతిలోని రేడియో బల్ల మీద పెట్టాడు. చేతులు జోడించి, బస్టాండు వైపు నడిచాడు.

జైనాబ్ బీ రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి చీపురుతో రుద్దింది. గీతలు మాయమయ్యాయి. పీడ విరగడయింది అనుకుంది.

బల్ల మీద రేడియో అట్లాగే ఉంది.

రసూల్ పరిగెత్తాడు. మాచర్ల బస్సు అప్పుడే వెళ్లిపోయింది. ఆయనది ఏ ఊరో ఎవరూ అడగనైనా లేదు.

తిరిగొచ్చి ఆ రేడియో ఇమాం సాహెబ్ చేతిలో పెట్టాడు. సాయిబు ఊసుపోక దాన్ని తిప్పి చూసి, ఆ మనిషి పెట్టుకున్నట్టే రొమ్ము మీద పెట్టుకున్నాడు.

గరగరలో టిక్. టిక్. టిక్.

తీస్తే ఆగింది. పెడితే మొదలైంది. రసూల్ రొమ్ము మీద పెట్టి చూశాడు. ఉత్త గరగరే.

"ఒరేయ్, ఇది నా మిషను చప్పుడురా!"



ఇమాం సాహెబ్ తలెత్తి కొట్టు వైపు చూశాడు. కడిగిన నేల ఆరుతోంది. తడికి కనపడకుండా పోయిన గీతలు నాపరాళ్ల మీద మళ్లీ తెల్లగా తేలుతున్నాయి.

ఆయన కుర్చీలోంచి లేచాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి రోడ్డు దాటాడు. వెల్డింగ్ సెట్టుకు ఇవతల, గీత వెనక నిలబడ్డాడు.

"లక్ష్మీనరసయ్యకు కబురు పెట్టండి. కొట్టు అమ్మటంలా. ఈ గీతలు డాక్టరుకు చూపిస్తా, ఆయన సరేనంటే వీటికి ఇవతల నిలబడే పని చేయిస్తా. డ్రిల్లు జోలికి మాత్రం పోను, దానికి గీత లేదు."

జైనాబ్ బీ చీపురు కింద పడేసింది.

"ఏందయ్యా నువ్వనేది! నీకు ఎంత దూరమో ఆయనకెట్టా తెలుస్తది? తెలిస్తే నోరు తెరిచి చెప్పొచ్చు గదా!"

రసూల్ బస్సు పోయిన వైపే చూస్తూ అన్నాడు.

"ఆయన రొమ్ములో గూడా అదే మిషను ఉందని చెప్తే, నేను స్విచ్చి ముట్టుకునేవాణ్ణా భాభీ?"