ఒక్కగానొక్క డిస్కు

"మధ్యలో కరెంటు పోతే?" అని సమ్మక్క అడిగేసరికి, మీట నొక్కబోతున్న వినీత వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఏందమ్మా నువ్వు, మంచిగ మొదలుపెడుతుంటే!"

"మంచికే అడుగుతున్న బిడ్డా. పోతే?"

"దీని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు పోతే డిస్కు పాడైతది. మళ్లీ చేసుకుందామన్నా కాదు. ఈ లాప్‌టాప్‌ల నుంచి రికవరీ డిస్కు ఒక్కసారే చేసుకోనిస్తరు."

సమ్మక్క గుమ్మం దాకా పోయి కరెంటు తీగకేసి ఒకసారి చూసొచ్చింది. ఆవపల్లిలో ఇంటి ముందుగదిలోనే కూతురు నడిపే ఆన్‌లైన్ సెంటరుకు ఆ ముసలి లాప్‌టాపే దిక్కు. వడ్లు సర్కారుకు అమ్మాలంటే రైతు పేరు ముందుగా కంప్యూటర్లో ఎక్కాలి. ధాన్ పంజీయన్ అంటారు దాన్ని. అడవి ఊళ్ల నుంచి సైకిళ్ల మీద, కాలినడకన వచ్చేవాళ్లందరికీ ఆ పని చేసిపెట్టేది వినీతే. రేపే ఆఖరు రోజు. లాప్‌టాప్ చూస్తే ఈ మధ్య నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోతోంది. "పూర్తిగా పడిపోకముందే రికవరీ డిస్కు చేసుకో. పడిపోయినా ఆ డిస్కు పెడితే కొత్తదానిలా లేచి కూర్చుంటది" అని జగదల్‌పూర్ మెకానిక్ ఫోన్లో చెప్పాడు.

"నొక్కుతున్న" అంది వినీత.

సమ్మక్క భద్రాచలం రామయ్యకూ, దంతేశ్వరి తల్లికీ కలిపి ఒకటే దండం పెట్టింది. ఇద్దరిలో ఒకరైనా వినకపోతారా అని ఆమె ఆశ.

లాప్‌టాప్ పిల్లిలా గుర్రుమంది. తెర మీద పచ్చగీత ఒకటి మెల్లగా కదలసాగింది. సమ్మక్క మాత్రం ఒకచోట నిలవలేకపోయింది. గాలికి తీగ ఊడుతుందేమోనని ఫ్యాను ఆపింది. ఎవరైనా ఊడ్చేస్తారేమోనని చీపురు దాచింది. ప్లగ్గు జారిపోతుందేమోనని దాన్ని వేలితో నొక్కి పట్టుకోబోతే, "షాక్ కొడతదమ్మా!" అని వినీత అరిచింది. ఆ అరుపుకు లాప్‌టాప్ అదిరిందేమోనని సమ్మక్క దాని వీపు నిమిరి, పోయి గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

అంతలో రైతు జోగి వచ్చాడు. చేతిలో పట్టా కాగితాలున్నాయి.

"అక్కా, జిరాక్సు..."

"ష్! అడుగు మెల్లగ వెయ్యి. లోపల గండం నడుస్తున్నది."

జోగి చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వెనకే వచ్చిన కోసే అనే ఆమె జోగి మొహం చూసి, నెత్తి మీది చింతపండు బుట్ట దించి గొంతు తగ్గించింది.

"ఎవరికి బాగలేదు?"

"నాకు తెల్వదు. లోపల ఉన్నరు."

కోసే గుమ్మం దగ్గరికి జరిగింది. "పానం నిలుస్తదా వదినా?"

"ఇంకా సగం ఎక్కాలె" అంది సమ్మక్క, పచ్చగీత మీంచి చూపు తిప్పకుండానే.

"గ్లూకోజు పెట్టిన్రు" అని కోసే జోగికి చెప్పింది. జోగి తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే నోరు మూసుకుని వరుసగా కూర్చున్నారు.

చాలాసేపటికి లాప్‌టాప్ పక్కనుంచి చిన్న పళ్లెం బయటికి వచ్చింది. వినీత డిస్కు పట్టుకుని నవ్వుతూ గుమ్మంలోకి వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు.

"పేషంటు ఏడి?" అన్నాడు జోగి.

"ఇదే కాకా!"

జోగి డిస్కును చూశాడు. అందులో తన మొహాన్ని చూసుకున్నాడు. తలపాగా చుట్టుకుని, "మరి నా జిరాక్సు?" అన్నాడు.

మధ్యాహ్నం వినీతకు బీజాపూర్‌లో పని పడింది. బస్సు హారన్ కొడుతుండగా డిస్కును తల్లి చేతిలో పెట్టింది. "జాగ్రత్తమ్మా. గీత పడొద్దు. తడి తగలొద్దు. దుమ్ము పట్టొద్దు" అంటూ పరిగెత్తింది.

ఇక సమ్మక్కకు అన్నం సయించలేదు. ట్రంకుపెట్టెలో పెడితే చెమ్మ. బియ్యం డబ్బాలో పెడితే ఎలుకలు. అటక మీద పెడితే పొగ. కొంగులో మూటగట్టుకుంటే ఆదమరిచి పడుకున్నప్పుడు విరిగితే? పొద్దు వాలేదాకా డిస్కును చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. చివరికి ఏదో తోచినట్టు చెప్పులేసుకుని బజారుకు పోయింది. తిరిగి వచ్చాకగాని ఆమెకు ముద్ద దిగలేదు.

మరునాడు పొద్దున్నే సెంటరు ముందు రైతులు బారులు తీరారు. వినీత మొదటి పేరు కొడుతుండగానే తెర నీలంగా మారి, ఆ వెంటనే నల్లబడింది. తట్టినా లేవలేదు.

"నా వడ్లు!" అన్నాడు జోగి.

"ఫికర్ చెయ్యకు కాకా. ఇందుకే కదా నిన్నంతా అంత తిప్పలు పడ్డది" అని వినీత నవ్వింది. "అమ్మా, డిస్కు తే!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సమ్మక్క గుండె దడ లేకుండా నడిచింది. లోపలికి పోయి పట్టుచీర తెచ్చి, అందరూ చూస్తుండగా మడతలు విప్పి, డిస్కును కూతురి చేతిలో పెట్టింది.

వినీత దాన్ని చూసింది. తిప్పి చూసింది. బల్ల పట్టుకుని మెల్లగా కూర్చుండిపోయింది.

"ఏంది బిడ్డా, అట్ల చూస్తవు? ఇంక దానికి ఏ భయం లేదు. బజార్ల ఫొటో స్టూడియో ప్రవీణ్‌కుమార్ వద్దంటున్నా వినకుండ, దగ్గర నిలబడి నీ ఆధార్ కార్డుకు చేయించినట్టే దానికి కూడా మంచిగ లామినేషన్ చేయించిన!"