రెండు గదులు

వరదకి వంతెన కొట్టుకుపోయిన ఏడాది అది. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆయనా, ఆయన భార్యా టూర్ల ఆఫీసులో ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. కూతురు పంపుతున్న ద్వీపయాత్ర. వద్దంటే ఊరుకోదు.

"అగ్నిపర్వతం ఎక్కుతాను. తెల్లారేసరికి పైన ఉండాలి" అన్నాడాయన, ఆఫీసు అమ్మాయితో.

"ఇంట్లో మేడ మెట్లెక్కితేనే ఆయాసం. మోసేవాళ్ళు దొరుకుతారేమో చూడమ్మా" అందావిడ, అదే అమ్మాయితో.

"ఆవిణ్ణి నల్ల ఇసుక ఒడ్డున కూర్చోబెట్టు. సముద్రానికి చీవాట్లు పెట్టుకుంటూ కాలక్షేపం చేస్తుంది."

అమ్మాయి నవ్వు దిగమింగుకుని, "గది సముద్రం వైపా, కొండ వైపా?" అని అడిగింది.

"రెండు గదులు. దూరదూరంగా. అక్కడైనా కంటినిండా నిద్రపోతాను. పగటి కక్ష చాలక, రాత్రంతా మోచేత్తో పొడుస్తూనే ఉంటుంది."

ఆవిడ మొదటిసారి ఆయన వైపు తిరిగింది. మాట మాత్రం అమ్మాయికే చెప్పింది.

"ఒక్క గదే రాయి. నిద్రలో ఈయనకి ఊపిరి ఆగిపోతుంది. పొడిస్తేగాని మళ్ళీ తీసుకోడు."

"అంకుల్‌కి చెప్పలేదా ఆంటీ?"

"మేం మాట్లాడుకుంటే కదా, చెప్పడానికి."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ కళ్ళకింద నలుపుని ఇన్నాళ్ళూ కోపమనే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. అమ్మాయి తాళం తీస్తూండగానే చెప్పాడు.

"ఒక్క గదే. మొదటి రోజు ఏమీ పెట్టకమ్మా. పగలంతా ఆవిడ పడుకుంటుంది, నేను మేలుకుని ఉంటాను."