కోటింగుకు తగిన మనిషి

షాపు యజమాని కారు వైపు చూడలేదు. కారు తెచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చున్నాడు.

"ముందు మీ గురించి చెప్పండి," అన్నాడు.

వచ్చినాయన గళ్ల చొక్కా వేసుకున్నాడు. కారు నిన్న షోరూమ్ నుంచి తెచ్చుకున్నది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. సిరామిక్ కోటింగు వేయించుకుందామని వస్తే తనకు ఇంటర్వ్యూ ఏమిటో ఆయనకు అర్థం కాలేదు.

కారణం షాపు బోర్డు మీద ఉంది. మూడేళ్లు రంగు వెలిసిపోదని ఎదురు షాపువాడు గ్యారంటీ ఇచ్చాడు. పౌరుషానికి పోయి ఈయన, ఐదేళ్లలో గీత పడితే కోటింగు మళ్లీ ఉచితమని రాయించాడు. కోటింగు కారు రంగును ఎండ నుంచి, పక్షి రెట్టల నుంచి కాపాడుతుంది. గోడకు రాసుకుంటే కాపాడదు. ఆ సంగతి ఈయనకు తెలుసు. గోడకు రాసుకునేవాళ్లు ఇంతమంది ఉంటారని మాత్రం తెలియదు.

ఇప్పటికి మూడు కార్లు వెనక్కొచ్చాయి. మూడోది వచ్చిన రోజు, కౌంటరులో కూర్చునే భార్య తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్క కారు గీతతో వచ్చిందంటే షట్టరు దించేద్దాం. మా తమ్ముడి షాపులో పంక్చర్లు వేసుకుందురుగాని."

బావమరిది ముందు టైరు పట్టుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. అందుకని అప్పటి నుంచి, సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆరా తీసినట్టు, కారు యజమాని గురించి ఆరా తీస్తున్నాడు. నచ్చకపోతే ఎదురు షాపుకు పంపేస్తాడు.

ఉద్యోగం మాత్రం అడగడు. వెనక్కొచ్చిన మూడు కార్లలో ఒకటి సర్జన్‌ది, ఒకటి జడ్జిది, ఒకటి పైలట్‌ది. పైలట్‌కు తన ఇంటి గేటు స్తంభమే కనిపించలేదు. ఇక ఉద్యోగం చూడకూడదు, గుణం చూడాలి అనుకున్నాడు.

వేగం ఎంత అని అడిగాడు. ముప్పై దాటనివ్వనన్నాడు గళ్ల చొక్కా ఆయన. మూడో గేరుతో ఎప్పుడో గాని పని పడదన్నాడు.

షాపు యజమాని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఊరు దాటుతుందా అంటే దాటదన్నాడు. పొద్దున్నే ఖాళీ రోడ్లు చూసుకుని తీస్తానని, రద్దీ మొదలయ్యేలోగా తెచ్చేస్తానని చెప్పాడు. వాన పడితే అసలు తీయడట. ఇంట్లోవాళ్లు వాడతారా అంటే, భార్య గాని పిల్లలు గాని దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు.

"ఎవరైనా తాళం అడిగితే?"

"నేను పక్కన లేకుండా తాళం ఎవరి చేతికీ ఇవ్వను."

"ఎంత దగ్గరవాళ్లయినా?"

"ఎవరైనా సరే. స్టీరింగు ఎవరు పట్టుకున్నా నేను పక్క సీట్లోనే. అద్దం చూడు, బ్రేకు తొక్కు అని చెబుతూనే ఉంటాను. నోరు నొప్పి పుడుతుంది గాని మానను."

షాపు యజమాని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇలాంటి మనిషి కోసం ఆయన ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు.

భార్య ఆయన్ను లోపలికి పిలిచింది.

"ఇంత పద్ధతైన మనిషి ఉండడండీ. ఎక్కడో తేడా కొడుతోంది."

"నీకు మంచివాళ్లంటే పడదు."

"నిజమే. అందుకేగా మిమ్మల్ని చేసుకున్నాను."

ఆయన ఆ మాట వినిపించుకోకుండా పనిలోకి దిగాడు. షోరూమ్‌వాళ్లు తుడిచినప్పుడు పడ్డ సన్నగీతల్ని లైటు పెట్టి వెతికి పాలిష్ చేశాడు. తలుపు తర్వాత తలుపు కోటింగు పూశాడు, గుడ్డతో ఒత్తాడు, ఆరనిచ్చాడు. మూడు రోజులు పట్టింది. గళ్ల చొక్కా ఆయన రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని చూశాడు.

చివరి రోజు షాపు యజమాని జాగ్రత్తలు చెప్పాడు. వారం దాకా నీళ్లు తగలకూడదు. తర్వాత కడిగినా నీడలోనే కడగాలి. షాంపూకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్. ముందు పైకప్పు, చివర చక్రాలు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే ఆ దుమ్మే గీతలు పెడుతుంది.

గళ్ల చొక్కా ఆయన అన్నీ వరసగా అప్పజెప్పాడు. ఒక్క తప్పు పోలేదు. పైగా, ఒక పని అయ్యాకే ఇంకో పని చెబుతున్నారని, అలా చెబితే వినేవాడికి కంగారు ఉండదని మెచ్చుకున్నాడు.

కారు బయటికొచ్చింది. బానెట్‌లో ట్యూబ్‌లైటు అద్దంలోలా కనిపిస్తోంది. అనుమానంతో దగ్గరికి వెళ్లిన భార్య తలుపులో తన ముఖం చూసుకుని జుట్టు సవరించుకుంది. అక్కడితో అనుమానం పోయింది. గ్యారంటీ కార్డు ఆవిడే తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ఆయన సంతకం చేసి ఇచ్చాడు.

గళ్ల చొక్కా ఆయన కార్డు రెండుసార్లు చదివాడు.

"ఎవరు నడిపినా వర్తిస్తుందా?"

"ఎవరు నడిపినా వర్తిస్తుంది. మీరు పక్కనుంటే చాలు నాకు."

ఆయన కార్డు జేబులో పెట్టుకున్నాడు. తాళం అందుకుని, మూడు రోజులు కాఫీ ఇచ్చిన ఇల్లాలికి ఏదైనా చేయాలనిపించి, డ్రైవింగ్ వచ్చా అని అడిగాడు.

రాదంది ఆవిడ. నేర్పమంటే, నువ్వు కనిపించిన ప్రతి గోడనూ గుద్దుతావంటారని భర్తను చూపించింది.

గళ్ల చొక్కా ఆయన నవ్వాడు.

"నేర్చుకునే రోజుల్లో అందరూ గుద్దుతారమ్మా, వారం ఆగి మా డ్రైవింగ్ స్కూలుకి వచ్చేయండి, ఇప్పటికే చేరిన నలభై మందితో పాటు మీకూ ఈ కారు మీదే నేర్పిస్తాను."