ఇవతలి ఒడ్డు

"నిరుడు ఏడాది మొత్తానికి ఒక్క కేసు," అంటూ కళ్యాణి ఫైలు మూసింది.

లంక రేవులో పడవ ఇంకా కదలలేదు. పడవ నడిపే గంగరాజు గెడ పట్టుకుని ప్రయాణికుల కోసం చూస్తున్నాడు.

అమలాపురం దారిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఆమె సర్వే అధికారి. ఆ చుట్టుపక్కల అత్యవసర విభాగం ఉన్నది దానికొక్కదానికే. గోదావరి మధ్యనున్న ఈ లంకకు మోటారు పడవ అంబులెన్సు నడపాలా, వద్దా అన్నది ఆమె నివేదికను బట్టి తేలుతుంది.

"ఒక్కరేనా అండి?"

అడిగినవాడు రేవు మెట్టు మీద కూర్చున్న వృద్ధుడు. పక్కన తెల్లరంగు డబ్బా, కుంచె. ఎడమచేతి రెండు వేళ్లు వంగవు.

"ఈ లంక నుంచి మా అత్యవసర విభాగం రిజిస్టరులో ఉన్నది ఒక్కరేనండి. ఇళ్లకు వెళ్లి అడిగినా అందరూ బాగున్నామనే అన్నారు."

"కొబ్బరి బొండం కొట్టిచ్చి మరీ అనుంటారు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి మేం చావు సంగతి చెప్పుకోమండి."

"మరి నాకెలా తెలుస్తుంది?"

"మా సమాధుల తోటకి రండి. అయిదు నిమిషాల నడక. సిలువల మీద పేర్లు రాసేది నేనే. రేవు దాకా తెచ్చేక నది దాటలేక ప్రాణం పోయినోళ్లుంటారు కదా, ఆళ్ల పేరు కింద చిన్న పడవ బొమ్మ వేస్తానండి."

గంగరాజు నవ్వాడు. "పెయింటరు గారూ, మేడం గారు లెక్కలకొచ్చేరు. చుట్టం వస్తే సమాధులకి పిలుస్తారేంటండి? మర్యాద బాగుంది."

కళ్యాణి కూడా నవ్వి పడవ ఎక్కింది.

"పోనీ, ఆ ఒక్కడూ ఎలా చేరేడో కనుక్కున్నారా అండి?" వృద్ధుడు మెట్టు మీద నుంచే అడిగాడు.

"అది మా ప్రశ్నల్లో లేదండి."

గంగరాజు గెడ వేశాడు. వృద్ధుడి పేరు ఆమె అడగలేదు.

నివేదిక చదివిన డైరెక్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావు, "ఒక్కరి కోసం పడవ ఎందుకమ్మా?" అన్నాడు.

అంకె తప్పు కాదు కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు.

జూలైలో వరద వచ్చింది. తొమ్మిది రోజులపాటు నాటు పడవలు ఆపేశారు.

వరద తీశాక ఆసుపత్రివారు లంకలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. రేవు దారి బురదలో కూరుకుపోయినందున గంగరాజు కళ్యాణిని సమాధుల తోట మీదుగా తీసుకువెళ్లాడు.

ఆమె ఆగిపోయింది.

దాదాపు అన్ని సిలువల మీదా ఒకే చేతిరాత. ఎన్నో పేర్ల కింద పడవలు. నిరుటి తేదీలున్నవే పదకొండు.

చివరి సిలువ కొత్తది. దాని మీదా పడవ ఉంది గాని గీత వంకర.

"ఇది ఎవరు రాశారు?"

"నేనేనండి. రాసే ఆయనే పోయేరు కదా." గంగరాజు ఈసారి నవ్వలేదు. "వరదలో గుండె నొప్పి వచ్చిందండి. రేవు దాకా మోసుకొచ్చేం. రెండు గంటలు నా ఒళ్లోనే ఉన్నారు. అవతలికి చేర్చండి చాలు, బతికించేస్తారు అంటానే ఉన్నారు."

"అంత నమ్మకం ఎందుకు?"

"నిరుడు పాము కరిస్తే బతికించింది మీ ఆసుపత్రే కదండి. రెండు వేళ్లు బిగుసుకుపోయినా ప్రాణం నిలబడింది."

"పాము కరిచాక నది ఎలా దాటారు?"

"దాటలేదండి. ఆ రోజు అటొడ్డు చర్చి సమాధుల్లో పేరు రాస్తా ఉన్నారు. అక్కణ్ణుంచి ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాలు."

కళ్యాణి వంగి, సిలువ మీది పేరు చదివింది. ఎబినేజర్.

ఫైలు తెరవనక్కరలేకపోయింది: రిజిస్టరులో ఉన్న ఆ ఒక్క పేరూ అదే; నది దాటి ప్రాణంతో ఆసుపత్రి చేరినవారు నిరుడు ఒక్కరు కూడా లేరు.