రాజులాంటి నడక

ఆటలో ఎదుటివాడితో హెల్మెట్లు గుద్దుకుని పడిపోయిన బ్రాడ్జిక్, లేచి పది అడుగులు నడిచాడు. ఫిలడెల్ఫియాలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలను సినిమాలుగా కూర్చే నా బల్ల మీదికి ఆ పది అడుగులూ వచ్చాయి.

మామూలు వేగంతో తీసిన కెమెరాలో అతను తాగినవాడిలా తూలుతున్నాడు. స్లో మోషన్ కెమెరాలో రాజులా నడుస్తున్నాడు. నేను రెండోదే తీసుకున్నాను.

అతని భుజం మెత్తలో కుట్టిన మైకులో అతని గొంతు వినిపించింది. "అమ్మా, లైటెందుకు ఆర్పేశావు?"

అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఆ మాట తీసేసి డ్రమ్ములూ బాకాలూ వేశాను.

గురువారం బ్రాడ్జిక్ స్వయంగా చూడ్డానికొచ్చాడు. చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

"నీ చెయ్యి బంగారం గురూ! దెబ్బ తగిలాక ఏం జరిగిందో నాకొక్క ముక్క గుర్తులేదు. ఇంక ఆడితే చస్తావని డాక్టరు ఒకటే గోల. ఎంత దర్జాగా నడిచానో చూశావా? ఈ రీలు ఆయన మొహాన వేసి చూపిస్తా, ఆదివారం ఆడనివ్వక ఏం చేస్తాడో చూద్దాం!"

"బ్రాడ్జిక్, అది..." అన్నాను. రీలు డబ్బాలో పెట్టి అతని చేతికిచ్చాను.

అతను రీలు చంకన పెట్టుకుని, గోడ తడుముకుంటూ, గుమ్మం దాకా పది అడుగులు నడిచాడు.

మామూలు వేగంతో.